కొబ్బరి తినొచ్చా? అన్నం తగ్గించుకున్న ఇంట్లో ఏ కొబ్బరి, ఎంత, దేనితో

శుక్రవారం అమ్మవారి కొండ దిగి వచ్చేసరికి సంచిలో రెండు కొబ్బరి చిప్పలు ఉంటాయి. శ్రావణ మాసమైతే పేరంటాల్లో వాయనంతో వచ్చినవి కూడా కలిసి ఫ్రిజ్‌లో ఒక అర నిండిపోతుంది. విజయవాడలో చాలా ఇళ్ళలో ఇదే సంగతి. నేను పుట్టింది అమలాపురం దగ్గర. అక్కడ కొబ్బరి పడని కూర అరుదు. మెట్టినిల్లు సత్యనారాయణపురం. ఇక్కడ కొబ్బరి ముందు దేవుడికి, తర్వాత పచ్చడికి. మా మావయ్యగారికి షుగర్ వచ్చి, డాక్టరుగారు అన్నం, టిఫిన్లు తగ్గించమన్నాక మొదటి పేచీ ఈ చిప్పల దగ్గరే వచ్చింది. "తియ్యగా ఉందమ్మా, ఇది తింటే షుగర్ పెరగదూ?" అని ఆయన. "అంతా నూనె, గుండెకు పడదు" అని అత్తయ్యగారు. గుంటూరు బ్రాడీపేట నుంచి మా ఆడపడుచు ఫోను: "వదినా, మా జిమ్‌లో కొబ్బరి ఎంతైనా తినొచ్చంటున్నారు, నిజమేనా?"

ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. మావయ్యగారి మనసులో ఉన్నది బొండాం నీళ్ళు, కొబ్బరి లౌజు. అత్తయ్యగారి మనసులో ఉన్నది కొబ్బరి నూనె. ఆడపడుచు చెబుతున్నది పచ్చి కొబ్బరి. కాయ ఒకటే అయినా ఇవి మూడూ మూడు వేరు వేరు తిండ్లు. నీళ్ళలో చక్కెర ఉంటుంది, కొవ్వు దాదాపు ఉండదు. నూనెలో కొవ్వు తప్ప ఇంకేమీ ఉండదు. పచ్చి కొబ్బరిలో కొవ్వూ పీచూ ఎక్కువ, చక్కెర కొద్దిగా. అందుకే కొబ్బరి లో-కార్బా (అంటే కార్బ్స్, పిండిపదార్థాలూ చక్కెరలూ, తక్కువున్న తిండా) కాదా అంటే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. కొన్ని నెలలుగా వంటింట్లో తూకం, పక్కన మావయ్యగారి గ్లూకోమీటరు పెట్టుకుని నేను నేర్చుకున్నది మూడు ప్రశ్నల్లో పడుతుంది. కాయలోంచి ఏం తీసేశారు? దానికి ఏం కలిపారు? దేనితో తింటున్నారు? మూడోదే అన్నిటికంటే పెద్దది.

ముందు మీ హద్దు తెలియాలి

లో-కార్బ్ అని అందరూ అనే మాట ఒకటే, పాటించేది మాత్రం ఒకటి కాదు. కీటో, అంటే కార్బ్స్ దాదాపు మానేసి ఎక్కువగా కొవ్వు మీద నడిచే పద్ధతి, కచ్చితంగా చేసేవాళ్ళు రోజుకు 20 నుంచి 50 గ్రాముల కార్బ్స్ లోపు ఉంటారు. మెల్లగా తగ్గించుకునేవాళ్ళు 100, 130 గ్రాముల దగ్గర ఆగుతారు. మన మామూలు రోజు చూడండి. ఒక కప్పు అన్నంలో, అంటే 150 గ్రాముల అన్నంలో, 40 గ్రాముల పైనే ఉంటాయి. పొద్దున నాలుగు ఇడ్లీలు తింటే ఇంకో 35, 40. రెండు పూటలా రెండేసి కప్పుల అన్నం, పొద్దున టిఫిను, సాయంత్రం టీ, బిస్కట్లు అనుకుంటే 250 దాటిపోవడానికి పెద్దగా తినక్కర్లేదు.

హద్దు 20 గ్రాములైతే ఒక బొండాం సగం రోజు లెక్క తినేస్తుంది. హద్దు 120 గ్రాములైతే అదే బొండాం ఒకటిన్నర ఇడ్లీతో సమానం. ఒకరికి కుదిరినది ఇంకొకరికి కుదరకపోవడం ఇందువల్లే. పక్కింటివాళ్ళ మాట వినేముందు వాళ్ళ హద్దు ఎంతో అడగండి.

లెక్కలో ఒక మెలిక కూడా ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో 100 గ్రాముల పచ్చి కొబ్బరికి కార్బ్స్ 15 గ్రాములని ఉంటుంది. అందులో 9 గ్రాములు పీచు. పీచు చక్కెరగా మారి రక్తంలో కలవదు కాబట్టి దాన్ని తీసేస్తే మిగిలేది 6. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికల్లో పీచును విడిగా చూపిస్తారు. అక్కడ కార్బ్స్ కింద కనిపించేదే పీచు తీసేసిన సంఖ్య. ఈ తేడా తెలియక అందులోంచి మళ్ళీ పీచు తీసేస్తే కొబ్బరిలో కార్బ్సే లేవని తేలుతుంది! ఆడపడుచు వాళ్ళ జిమ్ లెక్క నాకు అలాగే వచ్చినట్టు అనిపించింది.

మా వంటింటి తలుపు మీద అంటించిన కాగితంలో ఉన్నవి ఇవి. పీచు తీసేశాక 100 గ్రాములకు ఎన్ని గ్రాముల కార్బ్స్ అని, ఉజ్జాయింపుగా:

పచ్చి కొబ్బరి: 6
ఎండు కొబ్బరి: 7
చిక్కటి కొబ్బరి పాలు: 3
బొండాం నీళ్ళు: 3 నుంచి 5
కొబ్బరి పిండి: 20 దాకా
కొబ్బరి నూనె: 0
కొబ్బరి చక్కెర: 90 పైన

ఈ కాగితం ఒక్కటే చూసి నిర్ణయించుకుంటే మోసపోతాం. ఎండు కొబ్బరి 100 గ్రాములు ఒకేసారి ఎవరూ తినరు. బొండాం నీళ్ళు 100 మిల్లీలీటర్లతో ఎవరూ ఆపరు.

పచ్చి కొబ్బరి

అన్నిట్లో నేను మొదట ఎంచేది ఇదే. కాయలోంచి ఏమీ తీసెయ్యలేదు, దానికి ఏమీ కలపలేదు. పీచు ఉన్నచోటే ఉంది. నమలాలి కాబట్టి త్వరగా తృప్తి వస్తుంది. మావయ్యగారు సాయంత్రం నాలుగింటికి మరమరాలు తినేవారు. 30 గ్రాముల మరమరాల్లో 25 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి. అదే తూకం పచ్చి కొబ్బరి ముక్కల్లో 2 గ్రాములు. మొదటివారం తిన్నాక రెండు గంటలకు వేలికొస గుచ్చి చూస్తే మరమరాల రోజుకీ కొబ్బరి రోజుకీ తేడా స్పష్టంగా కనిపించింది. ఆయన భయం అక్కడితో పోయింది.

అయితే ఒక చిప్పలోంచి తీసిన కొబ్బరి మా తూకంలో 110 గ్రాముల దాకా వస్తుంది. అదంతా తింటే కార్బ్స్ 7 గ్రాములే, కేలరీలు మాత్రం 390. కొవ్వు 37 గ్రాములు, అందులో ఎక్కువభాగం సంతృప్త కొవ్వు, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచే రకం. సంతృప్త కొవ్వు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అది 22 గ్రాములు. చిప్పడు కొబ్బరి ఒక్కటే ఆ హద్దు దాటేస్తుంది. కార్బ్స్ పరీక్షలో పాసైన కొబ్బరి కొవ్వు దగ్గర ఆగుతుంది. ‘ఎంతైనా తినొచ్చు’ అన్న మాట ఇక్కడే తప్పు. నేను మనిషికి రోజుకు 30, 40 గ్రాములు పెడతాను. చిప్పలో మూడో వంతు అన్నమాట.

ఇంకో లోటు కూడా చెప్పాలి. కొబ్బరిలో మాంసకృత్తులు 100 గ్రాములకు 3 గ్రాములే. వేరుశనగ పప్పుల్లో 25 దాకా ఉంటాయి, కార్బ్స్ లెక్కలోనూ పెద్ద తేడా ఏమీ ఉండదు. అన్నం తగ్గించి, పప్పు తగ్గించి, ఆ ఖాళీని కొబ్బరితో నింపితే కడుపు నిండుతుంది, ఒంట్లో బలం నిలవదు. కొబ్బరి గుడ్డుకో చేపకో పక్కన నిలబడాలి. వాటి చోటులోకి రాకూడదు.

ఇప్పుడు మూడో ప్రశ్న. కొబ్బరి పచ్చడి మంచిదే. ఒక చిప్ప కోరి, పచ్చిమిరపకాయలు, జీలకర్ర, చిన్న చింతపండు రెబ్బ వేసి నూరి తాలింపు పెడితే నలుగురికి వస్తుంది. మనిషికి రెండు గ్రాముల కార్బ్స్ కూడా పడవు. మామిడికాయల రోజుల్లో చింతపండు బదులు కోరిన మామిడికాయ వేస్తే ఇంకా బాగుంటుంది, లెక్కా పెద్దగా మారదు. ఆ పచ్చడి వేడి అన్నంలోకి వెళ్ళిందా, కూరలోకి వెళ్ళిందా అన్నదే అసలు సంగతి. రెండు గ్రాముల కార్బ్స్ ఉన్న పచ్చడితో ఎనభై గ్రాముల కార్బ్స్ ఉన్న అన్నం లోపలికి పోతుంది. కొబ్బరి వల్ల షుగర్ పెరిగిందని చాలామంది అనుకునేది ఇలాంటి రోజునే.

అందుకే నేను పచ్చడి తగ్గించి కూరలు పెంచాను. దొండకాయ, బీన్స్, క్యాబేజీ, బెండకాయ, సొరకాయ, వీటిల్లో దించేముందు గుప్పెడు కోరు చల్లితే కూర రుచీ పెరుగుతుంది, పరిమాణమూ పెరుగుతుంది. గిన్నె నిండా కూర తినొచ్చు. పుట్టింట్లో అరటికాయకు, కందకు కూడా కొబ్బరి వేసేవాళ్ళం. ఆ రెండూ పిండి ఎక్కువ ఉన్న కూరలు, కొబ్బరి పడినంత మాత్రాన లో-కార్బ్ అయిపోవు.

హోటల్ చట్నీ గురించి ఒక మాట. టిఫిన్ సెంటర్లో తెల్లగా, పలచగా పోసే చట్నీని మనం కొబ్బరి చట్నీ అంటాం. చాలాచోట్ల అందులో సగానికి పైగా పుట్నాల పప్పు ఉంటుంది. పుట్నాల్లో దాదాపు సగం తూకం పిండిపదార్థమే. "ఇడ్లీ ఒక్కటే తిన్నాను, చట్నీ మాత్రం మూడుసార్లు వేయించుకున్నాను" అని లెక్క చెప్పేవాళ్ళు దాన్ని కూడా కలుపుకోవాలి. ఇంట్లో పుట్నాలు లేకుండా చేసుకుంటే చట్నీ కాస్త పలచగా ఉంటుంది. నాలుగు వేరుశనగ గుళ్ళు వేస్తే చిక్కబడుతుంది.

బొండాం

విజయవాడ ఎండ తెలిసినవాళ్ళకు బొండాం వద్దని చెప్పడానికి నోరు రాదు. రోహిణీ కార్తెలో బందరు రోడ్డు మీద రెండడుగులు వేస్తే గొంతు ఎండిపోతుంది, ప్రతి మలుపులో బొండాల బండి పిలుస్తుంటుంది. కానీ కొబ్బరి కుటుంబంలో లో-కార్బ్ వాళ్ళు కొలత పెట్టుకోకుండా తీసుకోకూడని మొదటి వస్తువు ఇదే. బొండాం నీళ్ళలో ఉన్నది గ్లూకోజ్, ఫ్రక్టోజ్, కాస్త సుక్రోజ్. అడ్డం పెట్టడానికి పీచు గానీ కొవ్వు గానీ లేవు. నేరుగా రక్తంలోకి పోతుంది. మోస్తరు కాయలో 300 మిల్లీలీటర్లు ఉంటాయనుకుంటే 10 నుంచి 15 గ్రాముల చక్కెర, అంటే రెండు మూడు చెంచాలు. మావయ్యగారికి పెద్ద కాయ తాగిన గంటకు మీటరులో అంకె పైకి పోవడం చూశాం. చిన్న కాయలో సగం నీళ్ళు, అదీ కాస్త నడిచాక తాగితే తేడా తక్కువగా కనిపించింది.

అదే చోట కూల్‌డ్రింకు ఉంటే మాత్రం ఆలోచించక్కర్లేదు. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల పైన చక్కెర ఉంటుంది. బొండాంలో అందులో సగం కూడా ఉండదు. దేనితో పోలుస్తున్నామన్నది చూడాలి. కూల్‌డ్రింకుతో పోలిస్తే బొండాం గెలుస్తుంది, ఉప్పు మజ్జిగతో పోలిస్తే ఓడిపోతుంది. అన్నం మానేసిన మొదటివారంలో ఒంట్లోంచి నీళ్ళతోపాటు ఉప్పు కూడా ఎక్కువగా పోతుంది. తలనొప్పి, నీరసం అందువల్లే వస్తాయి. బొండాం నీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం మాత్రం తక్కువ. అందువల్ల ఆ నీరసానికి పలచటి మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ వేసుకుని తాగడమే మేలు.

కాయను ఎంచడంలోనూ తేడా ఉంది. బండి దగ్గర "నీళ్ళ కాయ ఇమ్మంటారా, మీగడ కాయా?" అని అడుగుతారు కదా. మరీ లేత కాయ నీళ్ళు కాస్త చప్పగా ఉంటాయి. మీగడ కట్టే దశకు వచ్చేసరికి తీపి ఎక్కువవుతుంది. పూర్తిగా ముదిరి పూజకు కొట్టే కాయకు వచ్చేసరికి మళ్ళీ తీపి తగ్గుతుంది, నీళ్ళూ తక్కువే ఉంటాయి. అమ్మవారి దగ్గర కాయ కొట్టినప్పుడు తీర్థంలా అరచేతిలో పోసుకునే ఆ కాసిని నీళ్ళకు ఎవరూ లెక్క కట్టనక్కర్లేదు. మన వైపు గంగబొండాం రకం కాయలను నీళ్ళ కోసమే ఎక్కువగా వాడతారు.

మీగడ తినొచ్చా అని అడుగుతారు. తినొచ్చు. లేత కొబ్బరిలో నీరు ఎక్కువ, కొవ్వు ముదురు కొబ్బరికన్నా తక్కువ. కాయ ఇద్దరు పంచుకుని నీళ్ళు సగం తాగి మీగడ తినడం నాకు నచ్చిన పద్ధతి. బొండాం షేక్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. దాంట్లో పాలు, పంచదార, ఒక్కోచోట ఐస్‌క్రీము కూడా వేస్తారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగాలి. ఒక బొండాంలో 600, 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. కొన్ని బీపీ మందులు కూడా పొటాషియాన్ని ఒంట్లోనే నిలబెడతాయి. ఇది కార్బ్స్ సంగతి కాదు, ప్రాణం సంగతి. డాక్టరును అడగకుండా తాగవద్దు.

పాలు, పిప్పి, పిండి

కొబ్బరి పాలు నన్ను ఆశ్చర్యపరిచిన వస్తువు. చిక్కగా, తియ్యగా ఉంటాయి కాబట్టి కార్బ్స్ ఎక్కువ ఉంటాయనుకునేదాన్ని. లెక్క చూస్తే 100 మిల్లీలీటర్లకు 3 గ్రాములే. ఆవుపాలల్లో లాక్టోజ్ అనే చక్కెర 5 గ్రాముల దాకా ఉంటుంది. కార్బ్స్‌లో కొబ్బరి పాలదే పైచేయి. కొవ్వు మాత్రం ఆవుపాలల్లో 4 గ్రాములుంటే వీటిలో 20 గ్రాముల పైన. ఇవి కాల్షియానికి, మాంసకృత్తులకు పాలకు బదులు కావు. కాఫీలో రెండు చెంచాలు, చేపల కూరలో చివర అరగ్లాసు, కోడికూరలో జీడిపప్పు ముద్ద బదులు కాసిని. అక్కడిదాకా బాగుంటుంది. కొబ్బరి పాల పలావు అన్నప్పుడు మళ్ళీ మూడో ప్రశ్న దగ్గరికే వస్తాం. బియ్యం బియ్యమే.

ఇంట్లో తీసుకోవడం కష్టం కాదు. గోరువెచ్చని నీళ్ళు పోసి మిక్సీ వేసి గుడ్డలో పిండితే మొదటి పాలు, మళ్ళీ నీళ్ళు పోసి పిండితే రెండో పాలు వస్తాయి. కూర ఉడకడానికి రెండో పాలు, దించేముందు మొదటి పాలు. బజారు డబ్బా కొనేటప్పుడు వెనక వైపు చదవాలి. కొబ్బరి, నీళ్ళు, చిక్కదనానికి ఏదో జిగురు, అంతవరకూ ఫరవాలేదు. పాలపొడి రూపంలో వచ్చేవాటిలో చాలావాటికి మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది పిండినుంచి తీసిన పదార్థం, రక్తంలో చక్కెరను పంచదారలాగే వేగంగా పెంచుతుంది.

పిండిన తర్వాత మిగిలే పిప్పిని పారెయ్యకండి. నీడలో ఆరబెట్టి, సన్నసెగ మీద వేడి చేసి, మిక్సీ వేస్తే అదే కొబ్బరి పిండి. సూపర్ మార్కెట్లో పావుకిలో ప్యాకెట్టుకు పెట్టే డబ్బు చూస్తే ఈ శ్రమ దండగ కాదు. పీచు ఎంత ఎక్కువంటే ఈ పిండి నీళ్ళను పీల్చేస్తుంది. గోధుమపిండి బదులు కప్పుకు కప్పు వేస్తే ముద్ద ఇసుకలా రాలిపోతుంది. దోసె వేస్తే పెనం మీదే ముక్కలవుతుంది. రెండు గుడ్లకు రెండు చెంచాల పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాసిని నీళ్ళు, ఇలా మందంగా అట్టు వేస్తే నిలబడుతుంది. గుడ్డు తిననివాళ్ళు పెసరపిండిలో పావువంతు కలుపుకోవచ్చు, అప్పుడు పెసరపిండి కార్బ్స్ లెక్కలో వేసుకోవాలి. మొదట్లో కొద్దిగా మొదలుపెట్టండి. ఒక్కసారిగా అంత పీచు పడితే కడుపు ఉబ్బుతుంది.

నూనె

మా ఊళ్ళో కొబ్బరి నూనె సంగతి విడిగా చెప్పాలి. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారి ఆహార పద్ధతి విజయవాడలో, చుట్టుపక్కల జిల్లాల్లో ఇంటింటి మాట అయ్యింది. అన్నం, పిండిపదార్థాలు దాదాపు పూర్తిగా ఆపి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోవడం అందులో ముఖ్యమైన సంగతి. ఆ కొవ్వు కోసం చాలామంది కొబ్బరి నూనె ఎంచుకున్నారు. అప్పటిదాకా తలకు రాసుకునే సీసా వంటింట్లోకి వచ్చింది. ఆ రోజుల్లో బరువు తగ్గినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళను చూసినవాళ్ళకు ‘కొబ్బరి నూనె తాగితే బరువు తగ్గుతుంది’ అన్నది మనసులో నాటుకుపోయింది.

నా అభిప్రాయం వేరు. తగ్గించింది ఆపేసిన అన్నం, పంచదార. నూనె ఆ ఖాళీలో ఆకలి ఆపింది. కార్బ్స్ సున్నా అన్నది కొబ్బరి నూనె ప్రత్యేకత కాదు. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, నెయ్యి, వీటిల్లోనూ కార్బ్స్ లేవు. కాబట్టి లో-కార్బ్ కోసమని కొబ్బరి నూనెకు మారాల్సిన అవసరమే లేదు. రుచి కోసం, పుట్టింటి అలవాటు కోసం అయితే అది వేరే సంగతి.

ఇక కొవ్వు రకం చూస్తే, కొబ్బరి నూనెలో 80 శాతం పైగా సంతృప్త కొవ్వే. ఒక పెద్ద చెంచాలో 11 గ్రాములకు పైన. రెండు చెంచాలతో రోజు హద్దు అయిపోతుంది. ఇది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుందని, వాడవద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లోనే సలహా ఇచ్చింది. మంచి కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. కానీ చెడ్డది పెరగడం వల్ల జరిగే నష్టాన్ని అది పూడుస్తుందని చెప్పలేం. ఎంసీటీ (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్) అనే రకం కొవ్వులు నేరుగా శక్తిగా మారతాయి, కొబ్బరి నూనె నిండా అవే అని ఇంకో మాట. చురుగ్గా అలా పనిచేసే రెండు రకాల కొవ్వులూ కలిపి కొబ్బరి నూనెలో ఆరో వంతు కూడా ఉండవు. దాదాపు సగం లారిక్ ఆమ్లం. అది చాలావరకు మామూలు కొవ్వులాగే అరుగుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు వంటకు వేరుశనగ నూనె, నువ్వుల నూనె. వారానికి రెండుసార్లు, క్యాబేజీ కొబ్బరి కూరకో అవియల్ లాంటిదానికో, చెంచాడు గానుగ కొబ్బరి నూనె. కొనేటప్పుడు సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు చూసి తీసుకుంటాను. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరి నూనె వంట నూనా, తలనూనా అన్న పన్ను తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2024 డిసెంబరులో గానీ తేలలేదు. వంటనూనెగా లెక్కించవచ్చని కోర్టు చెప్పింది. అది పన్ను సంగతి. సువాసనలు కలిపిన తలనూనె మాత్రం నోట్లో పెట్టుకునేది కాదు.

ఎండు కొబ్బరి, తీపి సరుకు

ఎండు కొబ్బరిలో నీరు పోయి అంతా చిక్కబడింది. 100 గ్రాములకు 660 కేలరీలు. చెంచాల్లో వాడేది కాబట్టి భయం లేదు. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో దంచిన కొబ్బరి కారం మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఇడ్లీ మీద కాకుండా ఉడికించిన గుడ్డు మీద, వంకాయ వేపుడులో చల్లుకుంటున్నాం. పాత చిప్పలు కొనేముందు వాసన చూడండి, మక్కువాసన వస్తే వద్దు. ప్యాకెట్లో వచ్చే తెల్లటి కోరులో రెండు రకాలున్నాయి. కేకులకు వాడేదాంట్లో పంచదార కలిపి ఉంటుంది. ‘కలిపిన చక్కెర’ అన్న వరుస దగ్గర సున్నా ఉంటేనే తీసుకోండి.

లౌజు, కొబ్బరి ఉండలు, బూరెలు, బొబ్బట్లు. వీటిని లో-కార్బ్ చేయాలని నేను ప్రయత్నించలేదు. కోరుకు సమానంగా బెల్లం పడితేనే అది లౌజు. 30 గ్రాముల ఉండలో సగం బెల్లమే, అంటే 13 గ్రాముల దాకా చక్కెర. బెల్లం కాబట్టి ఫరవాలేదనే మాట మావయ్యగారి స్నేహితులు రోజూ చెబుతారు. గ్లూకోమీటరు ఆ తేడా చూడదు. పండగ రోజు ఒక్కటి, చిన్నది, భోజనం చివర, ఆ పూట అన్నం మానేసి. అంతే.

కొబ్బరి చక్కెర కూడా పేరులోనే కొబ్బరి. చెట్టు పువ్వు గెల నుంచి తీసిన రసాన్ని కాచి చేస్తారు. అందులో ఎక్కువభాగం మామూలు పంచదారలో ఉండే సుక్రోజే. మా ఆడపడుచు ఒక ప్యాకెట్టు కొనేసింది. టీలో ఒక చెంచా వేసుకుంటే పంచదార ఒక చెంచా వేసుకున్నట్టే.

ఈమధ్య రోడ్ల పక్కన కొబ్బరి పువ్వు బాగా అమ్ముతున్నారు. మొలకెత్తిన కాయలో తెల్లగా బంతిలా ఉండేది. రుచి చాలా బాగుంటుంది, చిన్నప్పుడు మా పెరట్లో దాని కోసం కొట్టుకునేవాళ్ళం. నోట్లో వేసుకోగానే కరిగే ఆ తీపి చక్కెరదే. మొలకకు తిండి కావాలి కాబట్టి కాయ తన నిల్వను కరిగించి దాంట్లోకి పంపుతుంది. పచ్చి కొబ్బరి లెక్క దీనికి వేయకూడదు. పిల్లలకు ఇచ్చి ఒక ముక్క రుచి చూస్తే చాలు.

ఎవరికి ఏది

కీటో కచ్చితంగా చేసేవాళ్ళకు నా ఎంపిక పచ్చి కొబ్బరి 30 గ్రాములు, కూరల్లో కాసిని పాలు, పిప్పి పిండితో అట్టు. బొండాం మానెయ్యడమే మంచిది. 100 గ్రాముల పైన హద్దు ఉన్నవాళ్ళు వారానికి రెండు మూడుసార్లు చిన్న బొండాం తాగొచ్చు, ఆ పూట ఇంకో తీపి పండు లేకుండా. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళు, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళు కార్బ్స్ కాగితం పక్కన పెట్టి కొవ్వు లెక్క చూడాలి. వాళ్ళకు వేరుశనగ గుళ్ళు, బాదం కొబ్బరికన్నా మెరుగు. కూరలో చల్లుకునే కోరు మాత్రం చాలు, నూనె వద్దు. బరువు తగ్గడం ఒక్కటే పని అయితే ముక్కలు గిన్నెలో పోసుకుని టీవీ ముందు కూర్చోవద్దు. తూచి, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి రండి.

మందులు వేసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వేసుకుంటూ కార్బ్స్ మరీ తగ్గిస్తే, షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరిగే జబ్బు రావచ్చు. మావయ్యగారి మాత్ర మోతాదును డాక్టరుగారు మార్చాకే మేము అన్నం సగం చేశాం. ముందు మందు, తర్వాత తిండి. ఈ వరుస తప్పించకండి.

దసరాకు వచ్చిన ఆడపడుచు తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మవారి చిప్పలు కోరి, 30 గ్రాముల చొప్పున ఎనిమిది పొట్లాలు కట్టి గడ్డకట్టించి ఇచ్చాను. గుంటూరు బస్సులో గంట ప్రయాణానికి అవి కరగలేదట. చిన్న సీసాలో కొబ్బరి కారం, డబ్బాలో పిప్పి పిండి కూడా పెట్టాను. రోజుకు ఒక పొట్లమే తీయమని చెప్పాను. మావయ్యగారికి వచ్చే నెల కొలెస్ట్రాల్ పరీక్ష ఉంది. ఆ కాగితం చేతికొచ్చాక ఆయన 40 గ్రాములను అలాగే ఉంచాలా, 25కు దించాలా అన్నది డాక్టరుగారిని అడిగి తేల్చుకుంటాం.